నాన్న ఫైళ్లు తెరుచుకునే కంప్యూటర్ కోసం 22 రోజులు

జూన్ 21, 2025, శనివారం. సాయంత్రం నాలుగున్నరకి కావలిలో కరెంటు పోయింది. రెండు నిమిషాల్లో వచ్చింది, మళ్లీ పోయింది. మూడోసారి వచ్చాక మా షాపులో కంప్యూటర్ ఆన్ కాలేదు. బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగిపోతోంది, తెర మీద ఏమీ లేదు. యూపీఎస్ బ్యాటరీ మార్చాలని సంక్రాంతి నుంచి అనుకుంటూనే ఉన్నాను. 1,100 రూపాయల పని. దాన్ని వాయిదా వేసినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మాది డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, కర్మకాండల కార్డులు చేస్తాం. ఆషాఢం రావడానికి ఇంకా ఐదు రోజులుంది. ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు గాని మాకు చేతి నిండా పని ఉండేది అప్పుడే. శ్రావణంలో ముహూర్తాలు పెట్టుకున్నవాళ్లంతా ఆషాఢంలోనే కార్డులకి వస్తారు. ఆ శనివారానికి నా దగ్గర ఆరు ఆర్డర్లున్నాయి. అందులో ఒకటి బిట్రగుంట పెద్దాయనది. ముందు రోజే వచ్చి వెయ్యి రూపాయలు అడ్వాన్సు ఇచ్చి వెళ్లాడు. "అమ్మాయ్, 2014లో మా పెద్దదానికి మీ నాయన వేసిన కార్డే చిన్నదానికీ కావాలి. పేర్లు, తేదీలు మార్చు చాలు, ఇంకేదీ ముట్టుకోవద్దు" అన్నాడు. నాన్న 2019లో పోయాడు. ఆ కార్డు ఫైలు ఆ కంప్యూటర్లోనే ఉంది.

ఒక్క కార్డేమిటి, 2007 నుంచి చేసినవన్నీ అందులోనే ఉన్నాయి. పదకొండు వేల పైచిలుకు ఫైళ్లు. ఊరు, ఇంటిపేరు, సంవత్సరం, ఈ వరసలో నాన్న పేర్లు పెట్టేవాడు. నేనూ అదే పద్ధతి సాగిస్తున్నాను. కంప్యూటర్ 2012లో కట్టించింది. విండోస్ 7, అదీ 32 బిట్ అనే పాత రకం (ఇప్పటివి 64 బిట్). అందులో పేజీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7, దాంతోపాటు 2007లో కొన్న తెలుగు ఫాంట్ల ప్యాకేజీ. ఆ ప్యాకేజీకి డాంగిల్ ఉంటుంది. యూఎస్‌బీలో గుచ్చే వేలెడంత ముక్క. అది గుచ్చకపోతే కీబోర్డు మీద తెలుగు పడదు.

సోమవారం, 23న మెకానిక్ వచ్చాడు. గంటసేపు చూసి "బోర్డు పోయిందక్కా. డిస్కుకి ఏం కాలేదు" అన్నాడు. ఆ మాట వినేసరికి అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చేశాను. రెండు రాత్రులు ఆ ఫైళ్లు పోయాయేమోనన్న టెన్షన్‌తోనే నిద్ర పట్టలేదు. ఆ మోడల్ బోర్డు ఇప్పుడు కొత్తది దొరకదట. మద్రాసు రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌ది తెప్పిస్తాను గాని గ్యారంటీ లేదన్నాడు. "పది నెలలు ఆడొచ్చు, పది రోజుల్లో పోనూవచ్చు." చూసినందుకు 500 తీసుకున్నాడు. ఎటూ కొత్తది కొనక తప్పదని ఆ రోజే అనుకున్నాను.

ఆ వారమంతా కనిపించిన ప్రతివాళ్లనీ ఏ కంప్యూటర్ మంచిదని అడిగాను. బ్యాంకులో పనిచేసే బంధువు ఒకటి చెప్పాడు, ఫొటో స్టూడియో ఆయన ఇంకొకటి చెప్పాడు, పక్క షాపు కుర్రాడు మరొకటి చెప్పాడు. ఎవరి పనికి ఏది బాగుందో వాళ్లు అది చెప్పారు. నేను దాని మీద ఏ ఫైళ్లు తెరవాలో ఎవరూ అడగలేదు, చెప్పాలని నాకూ తోచలేదు. ఈ రాత రాయడానికి ముఖ్యకారణం అదే. నాలాగా పాత సాఫ్ట్‌వేర్ మీద బతుకుతున్న ప్రెస్సులు, డీటీపీ షాపులు మన జిల్లాలో చాలా ఉన్నాయి. వాళ్లకైనా ఇది ముందే తెలియాలి.

ఈలోగా పని ఆపడానికి లేదు కదా. ట్రంక్ రోడ్డులో తెలిసినవాళ్ల ప్రెస్సుంది. రాత్రి తొమ్మిదికి వాళ్ల పని అయ్యాక ఒంటిగంట దాకా నేను కూర్చునేలా మాట్లాడుకున్నాను. రాత్రికి 200 రూపాయలు. పాత డిస్కుని పెట్టి యూఎస్‌బీలో గుచ్చుకోవడానికి 650 పెట్టి ఒక కేసు కొన్నాను. వాళ్లదీ విండోసే, వాళ్లదీ పేజ్‌మేకరే. నా ఫైలు చక్కగా తెరుచుకుంటుందనే అనుకున్నాను. తెరిస్తే అక్షరాలన్నీ చెల్లాచెదురు. వాళ్లు వాడేది వేరే ఫాంట్ల ప్యాకేజీ. ఒక కంపెనీ ఫాంటులో "క" ఉన్న చోట ఇంకో కంపెనీ ఫాంటులో ఏదో వత్తు ఉంటుంది. కీబోర్డు లేఅవుటూ వేరే. పద్దెనిమిదేళ్లుగా చూడకుండా కొట్టిన వేళ్లు ఒక్కో అక్షరం వెతుక్కోవాల్సి వచ్చింది. ఒక్క కార్డు మ్యాటర్‌కి గంటన్నర పట్టింది. అలా పదకొండు రాత్రుల్లో నాలుగు ఆర్డర్లు మళ్లీ మొదట్నుంచి కొట్టి ఇచ్చాను. ఒక ఆర్డరు చెయ్యిజారిపోయింది. బిట్రగుంట ఆయనకి ఫోన్ చేసి కొంచెం ఆగమన్నాను. "ఆగుతాను గాని నాకు ఆ కార్డే కావాల" అన్నాడు.

జూన్ 29, ఆదివారం. నెల్లూరులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా చెల్లెలి కొడుకు ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చాడు. "పెద్దమ్మా, ఉబుంటు పెట్టుకో. డబ్బు కట్టక్కర్లేదు, వైరస్ గోల తక్కువ, ఎంత పాత మిషన్ మీదైనా నడుస్తుంది" అన్నాడు. విండోస్‌కి బదులుగా వాడుకునే లైనక్స్‌లో ఒక రకం అది. వాడు చెప్పిన దాంట్లో అబద్ధం ఏమీ లేదు. వాడు రోజూ దాని మీదే పనిచేస్తాడు.

ముందు అందులో ఉన్న లిబ్రెఆఫీస్ డ్రా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో నా పేజ్‌మేకర్ ఫైలు తెరిచాడు. తెరుచుకుంది! బార్డరు వచ్చింది, గీతలు వచ్చాయి, పేజీ కొలత కూడా సరిగ్గా వచ్చింది. తెలుగు ఉండాల్సిన చోట మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కామాలు. అప్పుడే వాడు నాకు అసలు సంగతి అర్థమయ్యేలా చెప్పాడు. ఆ కాలపు తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు ఆకారాలు కూర్చోబెట్టారు. మనకి తెరమీద "శ్రీ" కనిపిస్తున్నా కంప్యూటర్ లెక్కలో అది ఏదో ఇంగ్లీషు అక్షరమే. ఫాంటు పక్కన లేకపోతే ఆ ఫైలులో తెలుగు అన్నదే లేదు. ఇన్నేళ్లు రోజూ దాంతోనే పనిచేస్తూ ఆ సంగతి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

నా డిస్కులోంచి ఫాంట్లు కాపీ చేసి పెట్టాడు. తెలుగు కనిపించింది గాని వత్తులు పక్కకి జరిగాయి. "లక్ష్మీ" అన్న మాట మూడు ముక్కలైంది. తర్వాత వైన్ పెట్టాడు. లైనక్స్ మీద విండోస్ ప్రోగ్రాములు నడిపించే సాఫ్ట్‌వేర్ అది. రెండు గంటలు కుస్తీ పట్టాక పేజ్‌మేకర్ లేచింది. వాడు చప్పట్లు కొట్టాడు. డాంగిల్ గుచ్చితే మాత్రం అటువైపు ఏ ఉలుకూ లేదు. కీబోర్డు తెలుగు కొట్టదు. సాయంత్రం ఐదైంది, పొద్దున్నుంచి ఇద్దరం సరిగా తిన్నది కూడా లేదు. వాడి మొహం చిన్నబోయింది. కాసేపు డాంగిల్‌నే చూస్తూ కూర్చుని "పెద్దమ్మా, ఇది ఎక్కడ నడుస్తుందో మనం అక్కడికే వెళ్లాల" అన్నాడు.

ఆ రాత్రి వాడే ఒక పెన్‌డ్రైవ్‌లో మూడు ఫైళ్లు వేసిచ్చాడు. 2009 నాటి బిల్లు పుస్తకం, 2014 బిట్రగుంట కార్డు, తెలుగూ ఇంగ్లీషూ కలిసిన 2023 కరపత్రం. ఎక్కడ ఏ కంప్యూటర్ చూసినా ముందు ఈ మూడూ తెరిచి చూపించమను, తెరిచాక డాంగిల్ గుచ్చి ఒక్క లైను కొట్టి చూడు అన్నాడు. ఈ పనికి నేను పెట్టిన ఖర్చుల్లో అన్నిటికంటే పనికొచ్చింది ఆ 300 రూపాయల పెన్‌డ్రైవే.

జూలై 3, గురువారం నెల్లూరు వెళ్లాను. రొట్టెల పండక్కి ఇంకా మూడు రోజులే ఉంది. ఊరంతా ఫ్లెక్సీలు. ప్రతి ఫ్లెక్సీనీ చూసి, ఇవి కొట్టినవాళ్ల కంప్యూటర్లు ఎంత చక్కగా నడుస్తున్నాయో అనుకున్నాను.

మొదటి షాపులో కుర్రాడు ఆపిల్ వాళ్ల మ్యాక్ మినీ చూపించాడు. అరచేతిలో పట్టేంత ఉంది, ధర 59,900. "డిజైనింగ్ వాళ్లంతా మ్యాకే మేడమ్, మీ సాఫ్ట్‌వేర్లన్నీ వస్తాయి" అన్నాడు. పెన్‌డ్రైవ్ ఇచ్చాను. తీసుకున్నాడు గాని తెరిచి చూపించలేదు. బయటికొచ్చి మావాడికి ఫోన్ చేశాను. 2019లో వచ్చిన క్యాటలీనా అనే వెర్షన్ నుంచి మ్యాక్‌లో 32 బిట్ ప్రోగ్రాములు నడవవట. 2020 చివరి నుంచి ఆపిల్ సొంత చిప్‌లు వస్తున్నాయి. వాటి లోపల విండోస్ పెట్టుకోవచ్చు గాని అది ఆర్మ్ అనే వేరే రకం చిప్‌ల విండోస్, నా డాంగిల్‌ని నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దాని కోసం రాసింది కాదు. పోనీ పేజ్‌మేకర్ బదులు వచ్చిన ఇన్‌డిజైన్ కొనుక్కుందామన్నా, పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచిన చివరి ఇన్‌డిజైన్ సీఎస్6. ఇప్పుడు నెలనెలా డబ్బు కట్టి వాడుకునేది వాటిని తెరవదు. ఇవన్నీ ఆ షాపు కుర్రాడు తెలిసీ దాచాడని నేను అనను. అతనికి తెలియదు. తెలియనప్పుడు "వస్తాయి" అనకుండా ఉండాల్సింది.

ఇంకో సంగతి కూడా మావాడు చెప్పాడు, అది నా మనసులో నిలిచిపోయింది. పేజ్‌మేకర్ 1985లో మొదట వచ్చింది మ్యాకింటాష్ మీదే. కంప్యూటర్ మీద పేజీ తయారు చేసుకోవచ్చని చాలామందికి చూపించింది అదే, అది నడుస్తుందనే ఆ రోజుల్లో చాలామంది ఆ మిషన్ కొన్నారు. అంతకుముందు విజికాల్క్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ కోసమే ఆపిల్ 2 కొన్నవాళ్లున్నారు. నలభై ఏళ్ల కిందట వాళ్లు కూడా ముందు సాఫ్ట్‌వేర్ చూసి తర్వాతే మిషన్ కొన్నారు. నేను మాత్రం పన్నెండు రోజుల పాటు ముందు మిషన్ గురించే అడుగుతూ తిరిగాను.

రెండో షాపులో రీఫర్బిష్డ్‌వి, అంటే బాగుచేసి మళ్లీ అమ్మే పాతవి ఉన్నాయి. ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, ఆరో తరం, విండోస్ 10 వేసి ఉంది, 14,500. నిజం చెప్తున్నాను, అది తీసుకుందామనే అనుకున్నాను. విండోస్ 10లో 32 బిట్ రకం కూడా ఉంది, అది వేయించుకుంటే డాంగిల్ ఒప్పుకునే అవకాశం ఎక్కువ. కానీ విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో అప్‌డేట్లు ఆగిపోతాయని అప్పటికే చెప్పేశారు. కావాలంటే 2026 అక్టోబరు 13 దాకా పొడిగించుకోవచ్చన్నారు, అంతే. విండోస్ 11కి వెళ్దామంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉంటేనే అధికారికంగా ఒప్పుకుంటుంది. ఆరో తరం మిషన్ ఏడాదిలో మళ్లీ నన్ను ఇక్కడికే తెస్తుంది. "నీ దగ్గరికి రోజూ ఎంతమంది పెన్‌డ్రైవులు తెస్తారు పెద్దమ్మా, వాట్సాప్ ఎంతసేపు తెరిచి ఉంటుంది" అని అడిగాడు మావాడు. అప్‌డేట్లు లేకపోతే వైరస్‌లకి తలుపు తెరిచినట్టేనట. అడ్వాన్సు ఇవ్వబోయి డబ్బు మళ్లీ బ్యాగులో పెట్టుకున్నాను.

ఇక మిగిలింది కొత్త విండోస్ 11. అందులో 32 బిట్ అన్నదే లేదు, 64 బిట్ మాత్రమే. నా డాంగిల్ డ్రైవర్ 32 బిట్‌ది. ఆ రోజు సాయంత్రం బస్సులో కావలి వస్తుంటే అన్ని తలుపులూ మూసుకుపోయినట్టు అనిపించింది. షాపు మూసేసి, తెలిసినవాళ్ల ప్రెస్సులో జీతానికి చేరదామని కూడా ఆలోచించాను.

జూలై 6 ఆదివారం మావాడు మళ్లీ వచ్చాడు. "మిషన్ కొత్తది కొందాం. దాని లోపల నీ పాత కంప్యూటర్‌ని ఉన్నదున్నట్టు బతికిద్దాం" అన్నాడు. వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉందట, ఉచితం. కొత్త కంప్యూటర్‌లో ఒక కిటికీలాగా తెరుచుకుంటుంది. ఆ కిటికీలో పాత విండోస్ 7, అదే పేజ్‌మేకర్, అవే ఫాంట్లు. డాంగిల్‌ని కూడా ఆ కిటికీకే అప్పగించవచ్చు. నాకు నమ్మకం కలగలేదు. అయినా సరేనన్నాను.

మర్నాడు నెల్లూరు షాపుకే ఆర్డరు ఇచ్చాము. ఐ3 పన్నెండో తరం, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, లైసెన్సుతో విండోస్ 11. 8 జీబీ ర్యామ్ చాలు అన్నారు షాపువాళ్లు. రెండు విండోస్‌లు ఒకేసారి నడవాలి కాబట్టి 16 కావాలని మావాడు పట్టుబట్టాడు. అన్నీ కలిపి 36,500. వాడు చెప్పిందే సరైంది. పాత విండోస్‌కి 3 జీబీ ఇచ్చాక కూడా పైన బ్రౌజర్, వాట్సాప్ ఇబ్బంది లేకుండా నడుస్తున్నాయి.

జూలై 10, గురువారం డబ్బా వచ్చింది. వచ్చిన రోజే రెండు చిన్న అడ్డంకులు. నా పాత మానిటర్‌కి వీజీఏ కేబుల్, కొత్త డబ్బాకి హెచ్‌డీఎమ్‌ఐ మాత్రమే ఉంది. కన్వర్టర్ 450. రెండోది, మొదటిసారి ఆన్ చెయ్యగానే విండోస్ 11 హోమ్ ఇంటర్నెట్ కావాలంది, మైక్రోసాఫ్ట్ అకౌంటు కావాలంది. షాపులో నెట్ లేదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద అప్‌డేట్లు దిగేసరికి నా రోజు డేటా మొత్తం అయిపోయింది. కొనేవాళ్లు ఆ ఒక్క రోజుకి వైఫై ఉన్న ఇంట్లో పెట్టుకోండి.

11వ తేదీ మా తృప్తి కోసం విండోస్ 11లోనే డాంగిల్ డ్రైవర్ వేసి చూశాం. అనుకున్నట్టే ఎక్కలేదు. ఫాంట్ల కంపెనీకి 8వ తేదీ నుంచి ఫోన్ చేస్తుంటే ఆ రోజు ఎత్తారు. కొత్త వెర్షన్ 64 బిట్ మీద నడుస్తుంది, కొనుక్కోండి అన్నారు. పాత ఫైళ్లు అచ్చం అలాగే తెరుచుకుంటాయా అని అడిగాను. కొన్ని ఫాంట్ల పేర్లు మారాయి, ఒక్కో ఫైలూ సరిచూసుకోవాలి అన్నారు. పదకొండు వేల ఫైళ్లు! దండం పెట్టి ఫోన్ పెట్టేశాను.

12వ తేదీ శనివారం రాత్రి మొదలుపెట్టాం. పాత డిస్కుని కేసులో పెట్టి కొత్త మిషన్‌కి గుచ్చి, డిస్క్‌టూవీహెచ్‌డీ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో మొత్తం డిస్కుని ఒకే ఫైలుగా మార్చాలి. మైక్రోసాఫ్ట్ వాళ్లదే, ఉచితం. నా డిస్కులో నిండి ఉన్నది 118 జీబీ. మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో కరెంటు పోతుందేమోనని ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ ఆ రోజు పొద్దున్నే వేయించాను.

ఆదివారం పొద్దున వర్చువల్‌బాక్స్‌లో ఆ ఫైలు పెట్టి స్టార్ట్ నొక్కితే, అసలు మొదలే కాలేదు. బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగుల్లోకి వెళ్లి వర్చువలైజేషన్ ఆన్ చెయ్యాలట. చేశాడు. ఈసారి విండోస్ గుర్తు వచ్చింది, వెంటనే నీలం తెర. మళ్లీ నొక్కితే మళ్లీ నీలం తెర. మధ్యాహ్నం రెండు దాకా అదే. అన్నం పెట్టినా వాడు తినలేదు. చివరికి, డిస్కుని సాటా అనే పద్ధతిలో తగిలించాం, దాన్ని ఐడీఈ అనే ఇంకా పాత పద్ధతికి మార్చి చూద్దాం అన్నాడు. మార్చాడు. నీలం తెర రాలేదు.

తెర మీద నాన్న పెట్టిన వాల్‌పేపర్ వచ్చింది. పెంచలకోన గుడి ఫొటో. నేను ఎప్పుడూ మార్చలేదు. కొత్త మిషన్ మీద, ఒక కిటికీలో, ఐకాన్లు కూడా ఎక్కడివక్కడే ఉన్నాయి. నాకు మాట రాలేదు. మావాడు నా భుజం తట్టి "ఇంకా అయిపోలేదు పెద్దమ్మా, డాంగిల్ ఉంది" అన్నాడు. డాంగిల్ గుచ్చి, పైన యూఎస్‌బీ మెనూలో దాన్ని ఎంచుకుంటే పాత విండోస్ "టింగ్" మని శబ్దం చేసింది. పేజ్‌మేకర్ తెరిచి "శ్రీరస్తు" అని కొట్టాను. పడింది. ఒక్క వత్తు కూడా తప్పు లేదు.

విండోస్ 7 మాత్రం మిషన్ మారిందని గుర్తుపట్టి మళ్లీ యాక్టివేషన్ అడిగింది. 2012లో నాన్న పెట్టెతో సహా కొన్న కాపీ అది, కీ ఉన్న పెట్టె బీరువాలో దాచి ఉంది. ఫోన్ ద్వారా చేయించుకోవడానికి నలభై నిమిషాలు పట్టింది. కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ అయితే ఇలా ఇంకో మిషన్‌కి మార్చుకునే హక్కు ఉండదు, చూసుకోండి. విండోస్ 7కి 2020 జనవరి 14తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. అందుకని మావాడు ఆ కిటికీకి ఇంటర్నెట్ పూర్తిగా తీసేశాడు. అటూ ఇటూ ఫైళ్లు పంపుకోవడానికి ఒక్క ఫోల్డర్ మాత్రం కలిపాడు. ఎవరి పెన్‌డ్రైవ్ అయినా ముందు విండోస్ 11లోనే తెరుస్తున్నాను.

అంతా అయిందనుకున్నాక జూలై 16న ఇంకో దెబ్బ తగిలింది. ఇదివరకు పేజ్‌మేకర్ నుంచి నేరుగా ప్రింటరుకి కొట్టేదాన్ని. ఇప్పుడు పాత కిటికీలో పీడీఎఫ్ చేసి, ఫోల్డర్‌లో వేసి, విండోస్ 11 నుంచి ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీస్తున్నాను. మొదటి కార్డుకి అలాగే తీసి, దాన్నుంచి అచ్చు వేసే స్క్రీన్ చేయించి, అచ్చు మొదలుపెట్టాక చూస్తే మ్యాటర్ కార్డులోని బార్డరు మధ్యకి సరిగ్గా కూర్చోవడం లేదు. స్కేలు పెట్టి కొలిస్తే అంతా కొంచెం చిన్నదైంది. ప్రింటు కొట్టే చోట "ఫిట్" అని ఉంది, అది పేజీకి సరిపోయేలా కుదించేసింది. "యాక్చువల్ సైజ్" అని పెట్టాలి. అది తెలిసేసరికి 60 కార్డులు, ఒక స్క్రీను పోయాయి. దాదాపు 1,500 నష్టం. పీడీఎఫ్ దారిలో ప్రింటు తీసేవాళ్లు మొదటి కాగితం మీద స్కేలు పెట్టి కొలవకుండా ముందుకి వెళ్లొద్దు.

బిట్రగుంట కార్డు 17న తెరిచాను. నాన్న చేసిన పేజీ. "మా ప్రథమ పుత్రిక" అన్న చోట "ద్వితీయ పుత్రిక" అని మార్చాను. వరుడి వైపు పేర్లు, ముహూర్తం, కల్యాణ మంటపం మార్చాను. ఇంకేదీ ముట్టుకోలేదు. 19వ తేదీ పెద్దాయన వచ్చి పాత కార్డు జేబులోంచి తీసి పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మీ నాయన చెయ్యి అట్నే ఉందమ్మాయ్" అని మిగతా డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు.

డబ్బు లెక్క రాసుకున్నాను. మిషన్ 36,500, డిస్కు కేసు 650, కన్వర్టర్ 450, మెకానిక్‌కి 500, పెన్‌డ్రైవ్ 300, యూపీఎస్ బ్యాటరీ 1,100, ఆ పెద్ద ఫైలు కాపీ దాచడానికి 1 టీబీ బయటి డిస్కు 4,600, రాత్రి అద్దెలు 2,200, పాడైన కార్డులు 1,500. మొత్తం 47,800. పోయిన ఆర్డరు, బస్సు చార్జీలు ఇందులో లేవు. మావాడు రూపాయి తీసుకోలేదు.

ఇప్పుడు కొత్త పనిలో కొంత యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతిలో చేస్తున్నాను. కస్టమర్లు వాట్సాప్‌లో పంపే మ్యాటర్ అంతా యూనికోడే, ఇదివరకు దాన్ని చూసుకుంటూ మొత్తం మళ్లీ కొట్టేదాన్ని. ఇప్పుడు కరపత్రాలు, బిల్లు పుస్తకాలు స్క్రైబస్ అనే పేజీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాను. 1.6 వెర్షన్‌లో తెలుగు వత్తులు సరిగ్గా వస్తున్నాయి, ఉచితం, విండోస్ మీదా ఉబుంటు మీదా ఒకటే. మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా తీసుకోవచ్చు. మండలి చదవడానికి ఎంతో హాయిగా ఉంది. కానీ శుభలేఖకి కావలసిన ఆ వంపులు, ఆ నిండుదనం నా పాత ప్యాకేజీలో ఉన్నన్ని రకాలుగా నాకు యూనికోడ్‌లో ఇంకా దొరకలేదు. అందుకని కార్డులు ఇప్పటికీ నాన్న కిటికీలోనే. పాత మ్యాటర్‌ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. రెండు మూడు వాడి చూశాను, మార్చాక ప్రతి లైనూ చదివి దిద్దుకోవాలి. రోజుకి ఐదేసి ఫైళ్లు, ఎక్కువగా అడిగేవి ముందు పెట్టుకుని మారుస్తున్నాను. ఆగస్టు నెలాఖరుకి 140 అయ్యాయి.

డాంగిల్ ఒక్కటే ఉంది. పద్దెనిమిదేళ్లది. కొద్దిగా వదులైంది, కదిలిస్తే కనెక్షన్ పోతోంది. దాన్ని వెనక పోర్టులో గుచ్చి, ఎవరి చెయ్యీ తగలకుండా టేపు వేశాను. పాడైతే బదులు ఇస్తారా అని కంపెనీకి మళ్లీ ఫోన్ చేశాను. అసలు బిల్లు ఉంటే చూస్తామన్నారు. 2007 బిల్లు నాన్న ట్రంకు పెట్టెలో ఉండాలి. ఈ ఆదివారం అమ్మా నేనూ కూర్చుని వెతకాలి.